తొమ్మిది సెకండ్ల యజమాని

తన మాటకు తానే యజమానినని తాగునీటి శాఖ మంత్రి గోపన్నగారు సోమవారం ఉదయం కర్నూలులో ప్రకటించారు. తన నోటి నుంచి వెలువడిన ఏ మాటనైనా తన రాతపూర్వక అనుమతి లేకుండా ఎవరూ వాడుకోరాదని, ముఖ్యంగా ప్రజలకు ఇచ్చిన మాటలను ప్రజలు అసలే వాడుకోరాదని ఆయన హెచ్చరించారు. ఇందుకోసం పార్టీ ఆఫీసులో 'మాటల రక్షణ విభాగం' వెలిసింది. దానికి మూడు కంప్యూటర్లు, ఒక ఏసీ, ఒక కన్వీనర్. రిబ్బను కత్తిరించాక మంత్రిగారు మీడియాతో ఇరవై నిమిషాలు మాట్లాడారు. ఏం మాట్లాడారో ఇక్కడ రాయడానికి నాకింకా అనుమతి రాలేదు.

మాట ఇచ్చి మరిచిపోయే నాయకులను ఈ జిల్లా చాలామందిని చూసింది. ఇచ్చిన మాటను వెనక్కి తీసుకుని, బీరువాలో పెట్టి, దానికి చట్టాన్ని కాపలా పెట్టిన నాయకుణ్ణి మాత్రం ఇప్పుడే చూస్తోంది. ఈ చరిత్రలో నాకూ చిన్న వేషం ఉంది కాబట్టి పాఠకులకు విన్నవించుకోవడం నా ధర్మం.

నా పేరు వీరేష్. కర్నూలు కోర్టు ఎదురుగా టైపింగు, జిరాక్సు, ఆన్‌లైన్ దరఖాస్తుల షాపు నడుపుతాను. ఆధార్ సవరణ నుంచి విడాకుల నోటీసు దాకా ఏ ఫారమైనా నింపుతాను. వాది వచ్చినా, ప్రతివాది వచ్చినా నా షాపులో కూర్చునే కుర్చీ ఒకటే.

ఆ మధ్యాహ్నమే విభాగం కన్వీనర్ రామాంజి నా షాపుకొచ్చి ఆ కుర్చీలో కూలబడ్డాడు. మూడు కంప్యూటర్లున్నాయి గానీ, వాటిలో ఇంగ్లీషు ఫారం నింపే మనిషి దొరకలేదట.

"వీరేషా, ఒక వీడియోను నెట్టులోంచి తీపియ్యల్ల. మన అన్న మాటను దొంగిలించినారు."

"ఎవరన్నా దొంగలు?"

"చూడు. చూసి నవ్వొద్దు. నవ్వితే నిన్నూ రిపోర్టు కొడతా."

కోడుమూరుకు ఎనిమిది కిలోమీటర్ల దూరంలో ఎర్రబండ అని ఒక ఊరుంది. ఆ ఊరి నడిబొడ్డున ఒక సిమెంటు దిమ్మె, దిమ్మెకు నీలం టైల్సు, టైల్సు మీద మంత్రిగారి ఫొటో, ఫొటో కింద ఒక కొళాయి. వీడియోలో ముందు తొమ్మిది సెకండ్లు మంత్రిగారు కనిపిస్తారు. రెండేళ్ల కిందట ఆ కొళాయి ప్రారంభించిన రోజు ఆయన చెయ్యెత్తి అన్న మాట అది.

"వచ్చే ఉగాదిలోగా ఈ కొళాయిలో నీళ్లు రాకపోతే నా పేరు గోపన్నే కాదు!"

చప్పట్లు. తర్వాత ముప్పై అయిదేళ్ల ఒకామె ఖాళీ బిందెతో వచ్చి కొళాయి తిప్పుతుంది. కొళాయి సుయ్యిమని గాలి వదులుతుంది. గాలి వెంట నాలుగు చీమలు దిగుతాయి. ఆమె పేరు రెజీనా. శనగ చేలల్లో కూలికి పోతుంది, ఆదివారం చర్చిలో పాటలు పాడుతుంది. ఫోను పట్టుకుని తీసేవాడు ఆమె భర్త ఏసుకుమార్, ట్రాక్టరు డ్రైవరు. ఛానెల్ పేరు 'ఎర్రబండ కొళాయి'.

"చూసినారు గదా," అంటుంది రెజీనా, మొహంలో ఒక్క గీత కూడా కదలకుండా. "రెండు ఉగాదులు పాయె. నీళ్లు రాల్యా. మంత్రిగారు మాట తప్పే మనిషి కాదు. కాబట్టి ఆయప్ప పేరు గోపన్న కాదు. మరి ఏం పేరు? పాపం, పేరే లేకుండా రాజ్యమంతా తిరుగుతాండాడు. ఈ వారం మనమే ఒకటి పెడదాం."

అప్పుడు కెమెరా పక్కకు తిరుగుతుంది. అక్కడ ప్లాస్టిక్ కుర్చీలో ఆమె అత్త విశ్వాసమ్మ. డెబ్బై ఏళ్లు దాటాయి. ఊళ్లో ముత్తాతల నాటి చర్చికి సంఘ పెద్ద. జనం కామెంట్లలో పంపిన పేర్లలో ఒకటి ఏరి, చీటీ చదివినట్టు చదువుతుంది.

"ఈ వారం పేరు ఆవిరన్న. నీళ్లలో ముంచి పేరు పెడదామంటే మా బాప్తిస్మం తొట్టి ఎండి రెండేండ్లాయె. తొట్టిలో శనగ మూటలు పెట్టుకున్నాం. అందుకే పొడిపొడిగా పెడతాండా. ఆమేన్."

నేను నవ్వలేదు. లోపలికి వెళ్లి మంచినీళ్లు తాగి వచ్చాను.

"ఇరవై రెండు వారాలు, ఇరవై రెండు పేర్లు," అన్నాడు రామాంజి. "మొన్న అసెంబ్లీలో ఎదుటి పార్టీవాళ్లు అన్నను ఆవిరన్నా అని పిల్సినారు."

"అయ్యో. అన్న ఏమన్నాడు?"

"ఏమప్పా అని పలికినాడు." రామాంజి తల వంచుకున్నాడు. "అలవాటైపాయె."

అసలు నష్టం అది కూడా కాదట. శుక్రవారం వీడియో వస్తే, శనివారం పొద్దున పై ఆఫీసరెవరో సిగ్గుపడి ఎర్రబండకు నీళ్ల ట్యాంకరు తోలిస్తున్నాడు. వీడియో లేని వారం ట్యాంకరు లేదు. ఒక వారం రెజీనాకు జ్వరం వచ్చింది, వీడియో రాలేదు. ఆ వారమంతా ఊరు బిందెలెత్తుకుని నాలుగు కిలోమీటర్లు నడిచింది. మళ్లీ శుక్రవారం రెజీనా దుప్పటి కప్పుకునే వచ్చి కొళాయి తిప్పింది.

"అంటే ఆయమ్మ వీడియో తీస్తాది, మన డిపార్టుమెంటు ట్యాంకరు తోల్తాది. తాగునీటి మంత్రి ఎవరప్పా? అన్ననా, ఆయమ్మనా?"

ప్రశ్న న్యాయంగానే ఉంది. నేను ఫారం తెరిచాను.

"వీడియో తీసిన ఫోను ఎవరిది?"

"వాళ్లదే. అయితేమి? ఫోను వాళ్లదైనా నోరు అన్నది."

"దొంగిలించిన కృతి ఏంటిది?"

"కృతి అంటే?"

"సొంతంగా సృష్టించింది. పాటో, పుస్తకమో, సినిమానో."

రామాంజి ఆలోచించి, "మాట అని రాయి," అన్నాడు.

రాశాను. చివర్లో 'పైన చెప్పినదంతా నిజమని ప్రమాణం చేస్తున్నాను' అని ఒక గడి ఉంటుంది. రామాంజి నోటితో ప్రమాణం చేశాడు, నేను వేలితో టిక్కు పెట్టాను. సాయంత్రానికల్లా వీడియో మాయమైంది. దాని చోట నల్లని పలక మీద 'హక్కుదారు ఫిర్యాదు మేరకు తొలగించడమైనది' అని వచ్చింది. రెండు వారాలకు ఇంకొక వీడియో మీద ఇంకొక ఫారం నింపాం. ఇంకొక పలక వచ్చింది. మూడోది పడితే ఛానెల్ మొత్తం పోతుంది, ఉన్న వీడియోలన్నీ పోతాయి. మంత్రిగారు విభాగానికి రెండో ఏసీ మంజూరు చేశారు.

మరుసటి సోమవారం అదే కుర్చీలో రెజీనా కూర్చుంది. వెనక ఏసుకుమార్ నిలబడ్డాడు.

"అన్నా, నా వీడియో తీసేయించిన ఫారం నువ్వే నింపినావంట."

"అవునమ్మా."

"శానా బాగా నింపినావు. ఒక్క తప్పు ల్యాదు. ఇప్పుడు నాది నింపు."

ఎదురు ఫారం అనేది కూడా ఒకటుంది. ఒకరి కృతిని విమర్శించడానికో, వ్యాఖ్యానించడానికో, వెక్కిరించడానికో అందులోంచి కొంచెం వాడుకోవచ్చునని, దాన్ని ఫెయిర్ యూజ్ అంటారని నిబంధనలు చదివి చెప్పాను.

"కొంచెమంటే ఎంతన్నా?"

"అది రాయలేదమ్మా. మీరు వాడింది తొమ్మిది సెకండ్లు."

"ఆ కొళాయిలో తొమ్మిది సెకండ్లు నీళ్లొచ్చింటే శానా అనుకుంటుంటిమి," అంది రెజీనా. "మాటలైతే కొంచెమే. రాసుకో."

ఏసుకుమార్ నా కీబోర్డుకు చెయ్యి అడ్డం పెట్టాడు. "రెజీనా, వద్దు మే. మూడోది పడితే ఛానెలు పాయె, ట్యాంకరూ పాయె. ఆ తొమ్మిది సెకండ్లు కోసేసి మిగతాది పెట్టుకుందాం. మనకు కావాల్సింది నీళ్లే గదా?"

"ఆ మాట కోసేస్తే ఏం మిగులుతాది? ఉత్త కొళాయి కాడ ఉత్త బిందె పట్టుకున్న ఉత్త ఆడమనిషి. అట్లాటోళ్లు ఈ జిల్లాలో లక్షమంది ఉండారు. వాళ్ల ఊళ్లకు ఏ ట్యాంకరు పోతాంది? ఆయప్ప మాట పక్కన ఉంటేనే ఆఫీసరుకు సిగ్గు."

నేను టైపు చేశాను. మళ్లీ అదే ప్రమాణం గడి. రెజీనా కళ్లు మూసుకుని నిమిషం ప్రార్థన చేసుకుని, "ఇప్పుడు కొట్టన్నా," అంది.

వారంలో వీడియో కంపెనీ నుంచి జవాబొచ్చింది. పది పనిదినాల్లో మంత్రిగారు కోర్టులో దావా వేసినట్టు రుజువు చూపకపోతే రెండు వీడియోలూ తిరిగి పెట్టేస్తామని. మర్నాడు మధ్యాహ్నం నా షాపు ముందు మూడు తెల్లకార్లు ఆగాయి. మంత్రి గోపన్నగారు స్వయంగా దిగారు. నా జీవితంలో అంత ఇస్త్రీ ఉన్న చొక్కాను అంత దగ్గరగా చూడలేదు. నా షాపు పైనే ఆఫీసున్న లాయరు పుల్లన్న మెట్లు రెండేసి చొప్పున దిగి వచ్చాడు.

"అన్నా, చిన్న చిక్కుండాది," అన్నాడు పుల్లన్న. "ఆ మాట నువ్వు ప్రజలకు ఇచ్చినావా, ఇయ్యల్యాదా?"

"ఇచ్చినా. ఇరవై వేలమంది ముందర ఇచ్చినా."

"ఇచ్చేసింటే అది వాళ్లదైపాయె గదన్నా. ఇచ్చేసిన దానిమీద మనకు హక్కు యాడుంటాది?"

మంత్రిగారు కాసేపు ఆలోచించారు. ఆ కాసేపూ షాపులో ఫ్యాను కూడా మర్యాదగా తిరిగింది.

"అయితే ఇయ్యల్యాదని రాయి."

"ఇయ్యకపోతే అది మన మాటే కాదంటారు. మన మాట కాకపోతే దావా ఏందని అడుగుతారు."

"ఏమప్పా పుల్లన్నా, ఇచ్చినా తప్పే, ఇయ్యకపోయినా తప్పే. ఇది చట్టమా, నా పెండ్లామా?"

పుల్లన్న గొంతు తగ్గించాడు. "ఒక్క దారుండాది. నాటకంలో డైలాగుంటాది. రాజు వేషమాయన స్టేజీ మీద 'నీకు సగం రాజ్యమిస్తా' అంటాడు. ఊరంతా వింటాది. పొద్దున్నే పోయి సగం రాజ్యం యాడని ఎవరూ అడగరు. కానీ ఆ డైలాగు ఇంకొకడు వాడుకుంటే రాసినాయన దావా వేయొచ్చు. అదీ చట్టం."

మంత్రిగారి మొహం వెలిగింది. రాజకీయాల్లోకి రాకముందు ఆయన పల్లెల్లో పద్యనాటకాలాడేవారు. రాజు వేషం ఆయనదే.

"పత్తికొండలో ఒక పద్యానికి మూడు వన్స్ మోర్లప్పా," అన్నారు గోపన్నగారు, కళ్లు దూరంగా పెట్టి. "నాలుగోసారి పాడితే గొంతు పాయె. జనం నా చొక్కాకు నోట్లు గుచ్చినారు. మైకులో నా పేరు చదివినారు. ఆ సంతోషం మంత్రి పదవిలో ల్యాదు. రాయి. నాటకమనే రాయి."

పుల్లన్న చెబుతుంటే నేను టైపు చేశాను. దావాలో మూడో పేరా పాఠకులు గుర్తుంచుకోదగినది.

'సదరు వాక్యము వాది యొక్క స్వీయ ఊహాజనిత నాటకీయ రచన. అందలి ఉగాది గడువు, కొళాయి, నీళ్లు, గోపన్న అను పాత్ర పూర్తిగా కల్పితములు. నిజ జీవితములోని ఏ పైపులైనుతోనూ వాటికి సంబంధము లేదు.'

"సార్, ఎర్రబండ కూడా కల్పితమేనా?" అని అడిగాను. టైపిస్టుకు సందేహాలు ఉండకూడదు, కానీ వచ్చింది.

"ఊరెట్ల కల్పితమైతాది? ఓటర్ల లిస్టులో ఉండాది గదా," అన్నాడు రామాంజి.

"ఊరు నిజం," అని తీర్పు చెప్పారు మంత్రిగారు. "నీళ్లు కల్పితం. అట్ల రాయి."

సంతకం పెట్టడానికి ముందు ఆయన ఆ పేరా రెండుసార్లు పైకి చదివారు. రెండోసారి కొంచెం రాగం కూడా కలిపారు.

కోర్టులో మొదటి వాయిదా. రెజీనా లాయరును పెట్టుకోలేదు. దావా కాపీని రాత్రంతా చదివి వచ్చిందని ఏసుకుమార్ చెప్పాడు. జడ్జిగారు ఆమెను అడిగారు.

"ఆ మాటలు వాది సొంతంగా ఊహించి రాసిన నాటకంలోనివని ఆయన అంటున్నారు. మీరేమంటారు?"

"ఒప్పుకుంటాండా సార్."

పుల్లన్న చేతిలో పెన్ను కిందపడింది. ఆయన నాలుగేళ్లకు సరిపడా వాదన సిద్ధం చేసుకుని వచ్చాడు.

"పూర్తిగా ఒప్పుకుంటున్నారా?"

"ఊరు ఊరంతా ఒప్పుకుంటాది సార్. అది ఆయప్ప ఊహే. నీళ్లు కల్పితమే. ఆ తొమ్మిది సెకండ్ల మాట ఇంక మా నోట, మా వీడియోలో వినపడదు. నా ఛానెలు మీద పెట్టిన రెండు ఫిర్యాదులు వాపసు తీసుకుంటే చాలు."

ఇరుపక్షాల ఒప్పందం మీద డిక్రీ అయింది. దావాలోని మూడో పేరా అక్షరం పోకుండా అందులోకి ఎక్కింది. కోర్టు బయట బాణసంచా కాల్చారు. 'మాట గెలిచిన మంత్రి' అని ఫ్లెక్సీలు లేచాయి. వాటి ప్రూఫులు నేనే దిద్దాను.

మెట్ల దగ్గర ఏసుకుమార్ భార్యను ఆపాడు. "ఇంత దూరం వచ్చి ఆయప్పకే రాసిచ్చినావు," అన్నాడు. "రేపు ట్యాంకరు రాకపోతే ఊరికి ఏం జెప్తావు?"

రెజీనా నా వైపు తిరిగింది. "వీరేషన్నా, ఆ కోర్టు కాగితం నకలు కావల్ల. మూడో పేరా అందరికీ కనపడేట్టు పెద్దగ చేసియ్యి."

ఆ శుక్రవారం ఆమె వీడియోలో మంత్రిగారి మాట లేదు, బొమ్మ లేదు, పేరు పెట్టడం లేదు. కొళాయి దిమ్మెకు ఆనుకుని డిక్రీలోని మూడో పేరా చదివింది. చదివి, "తప్పు మాదే," అంది. "ఇన్నాళ్లూ నాటకాన్ని నిజమనుకుని ఈ కొళాయి తిప్పినాం. కల్లుతాగిన కోతుల మాదిరి తిప్పినాం. ఇంకమీదట నాటకాన్ని నాటకం మాదిరే జూద్దాం. మన సీమలో నాటకం ఎట్ల జూడల్లో ఎవురికీ నేర్పే పని ల్యాదు."

నాలుగు వందల మంది చూశారు. శనివారం ట్యాంకరు రాలేదు.

రెండో శనివారమూ రాలేదు. ఊరు మళ్లీ నాలుగు కిలోమీటర్లు నడిచింది. విశ్వాసమ్మ దారిలో బిందెతో పడి మోచెయ్యి గీసుకుంది. ఏసుకుమార్ రోజూ నాకు ఫోను చేసి, ఒప్పుకున్నదాన్ని ఒప్పుకోలేదని చెప్పే ఫారం ఏదైనా ఉందా అని అడిగేవాడు. అలాంటి ఫారాలు నాయకులకే ఉంటాయని చెప్పాను.

మంత్రిగారి విజయోత్సవ సభ కోడుమూరులో పెట్టారు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి జనాన్ని ట్రాక్టర్లలో తోలారు. ఎర్రబండ ట్రాక్టరు తోలింది ఏసుకుమారే, పార్టీ బాడుగ మీద. ఆ ఊరి ఆడవాళ్లు ముందు వరసలో కూర్చున్నారు. చేతుల్లో బిందెలు లేవు, తలల్లో కనకాంబరాలున్నాయి. మైకు సెట్టు గిడ్డయ్యది. ముప్పై ఏళ్లుగా ఈ చుట్టుపక్కల నాటకాలన్నిటికీ మైకు అతనిదే. పార్టీ సభలు మధ్యలో వచ్చిన చిల్లర గిరాకీ.

మంత్రిగారు లేచారు. న్యాయం గురించి పది నిమిషాలు, తన గురించి నలభై నిమిషాలు మాట్లాడారు. ఆ తర్వాత ఆగి, చొక్కా చేతులు పైకి మడిచి, చెయ్యెత్తారు.

"ఇప్పుడు చెప్తాండా. నా మాట. కోర్టు నాదే అని చెప్పిన మాట. వచ్చే ఉగాదిలోగా ఈ కొళాయిలో నీళ్లు రాకపోతే నా పేరు గోపన్నే కాదు!"

రామాంజి చప్పట్లకు సైగ చేసేలోగానే ముందు వరసలోంచి విశ్వాసమ్మ లేచింది. మోచేతికి ఇంకా కట్టు ఉంది.

"వన్స్ మోర్!"

తర్వాత ఎడమ పక్క నుంచి ఒక ముసలాయన, "వన్స్ మోర్!" ఆ తర్వాత మైదానం మైదానమంతా. ఈలలు కూడా పడ్డాయి. ఇది ఎగతాళి అనుకునేవాళ్లు మా ప్రాంతం తెలియనివాళ్లు. ఇక్కడ బాగా పాడని వాడికి వన్స్ మోర్ కొట్టరు.

మంత్రిగారు ముప్పై అయిదేళ్ల తర్వాత విన్న మాట అది. ఆయన కుడికాలు ముందుకు వేసి, వెన్ను నిటారుగా పెట్టి, నిజంగానే రాజులా నిలబడి మళ్లీ చెప్పారు. ఈసారి 'ఉగాదిలోగా' దగ్గర సాగదీశారు. 'కాదు' దగ్గర గొంతు కిందికి దించారు. జనం ఊగిపోయారు. మూడోసారి. నాలుగోసారి.

విశ్వాసమ్మ మెట్లెక్కి స్టేజీ మీదికి వెళ్లింది. గార్డులు ఆపబోతే మంత్రిగారే వద్దన్నారు. ఆమె కొంగుముడి విప్పి, పదిరూపాయల నోటు తీసి, పిన్నీసుతో ఆయన చొక్కాకు గుచ్చింది. గిడ్డయ్య ముప్పై ఏళ్ల అలవాటు ప్రకారం మైకు అందుకున్నాడు.

"ఎర్రబండ గ్రామ వాస్తవ్యురాలు, చర్చి సంఘ పెద్ద విశ్వాసమ్మగారు, గోపన్న పాత్రధారికి పదిరూపాయలు బహూకరించినారు. దాతకు కళాకారుల తరఫున ధన్యవాదములు!"

మంత్రిగారు చేతులు జోడించి వంగారు. కళ్లు తుడుచుకున్నారు. ఆ రోజు సభలో నీళ్ల గురించి ఆయన్ను ఎవరూ అడగలేదు. నాటకం చూసి ఇంటికి పోయేటప్పుడు రాజును రాజ్యం అడిగే అలవాటు మా సీమలో లేదు. గేటు దగ్గర మాత్రం ఒక పెద్దాయన రామాంజిని చెయ్యి పట్టుకుని ఆపాడు.

"మళ్లా ఆట ఎప్పుడప్పా? మా ఊర్లో ఆడితే పందిరి మేమేస్తాం."

శుక్రవారం 'ఎర్రబండ కొళాయి'లో ఆ సభ వీడియో వచ్చింది. రెజీనా కోర్టు మాట తు.చ. తప్పలేదు. మంత్రిగారు ఆ మాట అనే తొమ్మిది సెకండ్లు శబ్దం పూర్తిగా తీసేసింది. పెదవులు కదులుతాయి, చెయ్యి లేస్తుంది, ఏమీ వినపడదు. తర్వాత శబ్దం తిరిగి వచ్చి మైదానమంతా "వన్స్ మోర్!" మళ్లీ తొమ్మిది సెకండ్లు నిశ్శబ్దం. మళ్లీ "వన్స్ మోర్!" చివర్లో గిడ్డయ్య ధన్యవాదములు. రెజీనా ఒక్క ముక్క వ్యాఖ్యానం చెప్పలేదు.

శనివారం తెల్లారేసరికి పదకొండు లక్షల మంది చూశారు. కింద కామెంట్లలో వేలమంది ఆ తొమ్మిది సెకండ్ల మాట పూర్తిగా రాసి పెట్టారు, ఎవరికీ ఒక్క అక్షరం తప్పలేదు. ఎర్రబండకు ఏడు గంటలకు ట్యాంకరు వచ్చింది. ఎనిమిదికి ఇంకొకటి వచ్చింది. మొదటిదాంతో ఊరు బిందెలు నింపుకుంది. రెండోదాని పైపు చర్చిలోకి లాగారు. అప్పటికే మగవాళ్లు తొట్టిలోంచి శనగ మూటలు బయటికి మోస్తున్నారట. ఏసుకుమార్ ఫోను చేసి ఏదో చెప్పబోయాడు గానీ, వెనక పాటలు, నీళ్ల చప్పుడు కలిసిపోయి నాకు సరిగా వినపడలేదు.

సోమవారం రామాంజి వచ్చాడు. కుర్చీలో కూర్చోలేదు.

"వీరేషా, ఫారం తియ్యి. మళ్లా మొదటి నుంచి కొట్టల్ల. ఛానెలు లేచిపోవల్ల."

తెరిచాను. "ఏ సెకండు నుంచి ఏ సెకండు దాకా దొంగిలించినారు?"

"నలభై ఒకటి నుంచి యాభై దాకా."

వీడియో పెట్టి చూశాను. నలభై ఒకటి. మంత్రిగారు చెయ్యెత్తారు. పెదవులు కదిలాయి. యాభై.

"అన్నా, ఆడ ఏమీ ల్యాదే."

"అదే. ఆ ఏమీ ల్యానిది మన అన్నది."

"ఏమని రాయమంటావు? హక్కుదారు సృష్టి ఏంటిదని అడుగుతాండాడు."

రామాంజి గడ్డం గోక్కున్నాడు. తనంతట తాను తేల్చే విషయం కాదనుకుని మంత్రిగారికి ఫోను కలిపి, స్పీకరు పెట్టాడు. మంత్రిగారు ఆ ఉదయం కడప జిల్లా ఒంటిమిట్టలో ఉన్నారు. యాత్రికులకు కట్టిన కొళాయిల వరస ప్రారంభించి, అక్కడే సభలో తన మాట చెప్పి అప్పుడే కూర్చున్నారు.

"అన్నా, ఫారంలో ఒక డౌటు. వీడియోలో ఏమీ ల్యానిది ఉండాది గదా, అది మనదేనా అని అడుగుతాండారు."

"మనదే!" ఫోనులో మంత్రిగారి గొంతు ఉత్సాహంగా పలికింది. "ఏమీ ల్యానిదంతా మనదేనని రాయి. రిజిస్టరు కూడా చేయించు. ఇంకొకరు వాడకూడదు."

నేను టైపు చేశాను. 'పైన చెప్పినదంతా నిజమని ప్రమాణం చేస్తున్నాను.' గడిలో టిక్కు పెట్టబోతుంటే, కడప జిల్లా నుంచి ఫోనులో వేలమంది గొంతులు ఒక్కసారిగా లేచాయి. ఏమంటున్నారో ముందు తెలియలేదు. రెండోసారికి స్పష్టంగా వినిపించింది.

"వన్స్ మోర్! వన్స్ మోర్!"

"ఉండప్పా రామాంజీ," అన్నారు గోపన్నగారు, గొంతు సవరించుకుంటూ. "పిలుస్తాండారు."